ఈ వారం సమస్య: చరసు వత్తి వెలిగె స్వామి యెదుట

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. స్నేహితుడొకాయన విదేశం నుంచి హషీష్, అంటే చరసు, దాని చరిత్ర పేరు చెప్పుకునే పరిమళపు కొవ్వొత్తి తెచ్చాడు. లోపల మత్తుమందేమీ లేదు, వాసన మాత్రమే. అందులోంచి పుట్టింది ఇది. ముందు మూడు పాదాలు మీరు పూరించండి.

గణాలగోల: ‘వెలిగె స్వామి’లో సంయుక్తాక్షరం ముందున్న ‘గె’ గురువు కాదా?

నిర్వాహకుడు: కాదు. ‘వెలిగె’ తెలుగు క్రియ, ‘స్వామి’ వేరే పదం. సమాసం కాదు కాబట్టి లఘువే. చ–స యతి కూడా చెల్లుతుంది.

కాజాప్రియ:
మైన మందు కలిపె మరువంపు తావిని
మత్తు లేదు పేరు మాత్ర మంతె
భార్య కొన్న దాని బల్లపై నుంచగా
చరసు వత్తి వెలిగె స్వామి యెదుట

గణాలగోల: స్వామిని మొగుణ్ణి చేశారు, సమస్య విడిపోయింది! రెండో పాదం మాత్రం సరుకు మీద అంటించిన చీటీలా ఉందండీ.

గోదారిగట్టు: నాది మూడో పాదం దాకానే వచ్చింది. ‘జటల వేల్పు ముందు భంగు పోసిరి నాడు’ అని మొదలెట్టాను.

నిర్వాహకుడు: ‘జ’కి ‘భం’తో యతి కుదరదు. ‘భవుని ముందు వారు’ అనండి, సరిపోతుంది. కానీ భంగు ఆకు, చరసు జిగురు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కూడా చరసును నిషేధించి, ఒట్టి ఆకును గంజాయి నిర్వచనంలో చేర్చలేదు. రెంటినీ ఒకే గిన్నెలో పోయకండి.

పాతపుస్తకం:
పారిసందు నాడు పాత మేడను గూడి
కవులు తినిరి పచ్చ కల్క మొకటి
నేడు దాని పేర నెత్తావి మైనమై
చరసు వత్తి వెలిగె స్వామి యెదుట

కాజాప్రియ: ‘తినిరి’ ఏమిటి? పీల్చారు కదా?

పాతపుస్తకం: తిన్నారండీ. 1840లలో సెన్ నది మధ్య సెయింట్ లూయీ దీవిలో, ఒటెల్ పిమొదాన్ అనే మేడలో కూడేవారు. మొరో అనే వైద్యుడు చెంచాతో హషీష్ కలిపిన పచ్చటి లేహ్యం పెట్టేవాడు. పిచ్చి ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఆయన పట్టుదల, 1845లో దాని మీద పుస్తకమే రాశాడు. తియోఫీల్ గోతియే అనే రచయిత ఆ విందు గురించి 1846లో పత్రికకి రాశాడు. దవమెస్క్ అనే ఆ లేహ్యంలో పిస్తా, దాల్చినచెక్క, లవంగం లాంటివి పడేవి. అంచేత ఆ మేడ పేరు చెప్పుకునే కొవ్వొత్తికి పొగ వాసన కాదు, మిఠాయి కొట్టు వాసన ఉండాలి!

నిర్వాహకుడు: ఆ రెండో పాదం నాకు బాగా నచ్చింది. కానీ పారిస్ మేడలో ఈ స్వామి ఎవరు? అన్వయం తెగింది.

పాతపుస్తకం: నిజమే. మూడో పాదం మారుస్తున్నాను:
బోదలేరు కవిది బొమ్మ గోడను దూగ

గణాలగోల: హషీష్ మనిషి సంకల్పాన్ని తినేస్తుందని 1860లో పుస్తకం రాసిన బోదలేరుకా ఈ హారతి? పాపం!

పాతపుస్తకం: మత్తు లేదుగా, కోప్పడడు.

నిర్వాహకుడు: ఈ వారానికి ఇదే. కాజాప్రియ గారూ, మీ రెండో పాదం మళ్ళీ చూడండి, గురువారం దాకా టైముంది.