నల్ల కారు ఫొటోలకు సీపీఎల్ ఫిల్టర్ కొనాలా, వద్దా?

కొత్తచక్రం:
నల్ల సెడాన్. నా దగ్గర పాత డీఎస్ఎల్ఆర్, 18-55 ఎంఎం కిట్ లెన్స్ (కెమెరాతో పాటు వచ్చే జూమ్ లెన్స్) ఉన్నాయి. ఫొటో తీస్తే తలుపుల మీద ఎదురింటి గోడ, కరెంటు స్తంభం, నేను, అన్నీ కనిపిస్తున్నాయి. సీపీఎల్ (లెన్స్ ముందు బిగించి తిప్పే, మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్) కొంటే పోతాయా?

లెన్సుమూత:
కొనండి. పెయింటు మీది క్లియర్ కోట్ (పారదర్శకమైన పై పూత) నుంచి, అద్దం నుంచి ఏటవాలుగా వచ్చే ప్రతిబింబాన్ని అది బాగా తగ్గిస్తుంది. కంప్యూటర్లో దిద్ది ఆ పని అంత బాగా చేయడం కష్టం. ముందు ఫోకస్ చేసి, ఆ తర్వాతే ఫిల్టర్ రింగు తిప్పండి. కొన్ని పాత 18-55లలో ఫోకస్‌తో పాటు ముందు భాగమూ తిరుగుతుంది, పెట్టుకున్న కోణం కాస్తా పోతుంది. ఏ సైజు కావాలో లెన్స్ అంచు మీద, గీత కొట్టిన సున్నా పక్కన రాసి ఉంటుంది.

రెండోగేరు:
వద్దు. కొత్తగా నేర్చుకునేవాళ్ల చేత మొదటే సామాను కొనిపించడం తప్పు. నల్ల కారంటే అద్దమే. దాని ఎదురుగా ఏముంటే అదే కనిపిస్తుంది. కాబట్టి ముందు కారు జరపండి. ఎదుట ఖాళీ మైదానం ఉండాలి. సూర్యుడు దిగాక పావుగంటకి ఆకాశమంతా ఒకే మెత్తటి దీపంలా ఉంటుంది, అప్పుడు తీయండి. జూమ్ 18 దగ్గర పెట్టి దగ్గర నుంచి తీస్తే మనవైపు హెడ్‌లైటు ఉబ్బిపోయి, వెనక భాగం కుంచించుకుపోతుంది. 55 దగ్గర పెట్టి 12-15 మీటర్లు వెనక్కి వెళ్లండి. అంత చోటు లేకపోతే 35 దగ్గర పెట్టి 8-9 మీటర్లు. మోకాళ్లు వంచి కెమెరాను హెడ్‌లైట్ల ఎత్తుకి దించండి. స్టీరింగ్ తిప్పి ఉంచండి, రిమ్ము మనకి కనపడాలి, టైరు గాడులు కాదు.

పక్కసీటు:
కెమెరాలో ఎక్స్‌పోజర్ (ఫొటో ఎంత వెలుగ్గా రావాలన్న సెట్టింగ్) మైనస్ 0.7 పెట్టారా? లేకపోతే కెమెరా నలుపుని బూడిద రంగు చేస్తుంది. తెల్ల కారుకి ప్లస్.

లెన్సుమూత:
రెండోగేరు గారూ, మైదానంలోకి తీసుకెళ్తే ముందు అద్దం మీద ఆకాశం పడదా? లోపలి డాష్‌బోర్డు తెల్లటి పొర వెనక దాక్కుంటుంది. దానికి మీ దగ్గర మందేమిటి?

రెండోగేరు:
అద్దం ఒక్కటే పట్టుకుని కూర్చున్నారు. సీపీఎల్ ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది) వెలుతురు మింగేస్తుంది. సాయంత్రం షట్టర్ వేగం 1/60 సెకను వస్తున్న చోట 1/15కి పడిపోతుంది, చేతిలో పట్టుకుంటే వణుకు ఖాయం. బానెట్ వంపు తిరిగి ఉంటుంది కాబట్టి ఒక పక్క నల్లబడి, ఇంకో పక్క మెరుస్తూ మచ్చలా ఉంటుంది. పక్క కిటికీలవి టఫెన్డ్ (గట్టిపరచిన) గ్లాసులు, వాటిలో చుక్కలు చుక్కలుగా మరకలు తేలతాయి. క్రోమ్ మీదైతే అసలు పనే చేయదు.

లెన్సుమూత:
ట్రైపాడ్ అనేదొకటి ఉంది. కారు నిలబడే ఉంది కదా, 1/15 అయితే ఏం? రెండు సెకన్ల టైమర్ పెడితే చేయి తగిలిన కదలిక కూడా రాదు. బానెట్ మచ్చపడితే రింగు సగమే తిప్పాలి. అద్దానికొకటి, బానెట్‌కొకటి తిప్పి రెండు ఫొటోలు తీసి కలుపుకోవచ్చు. తిప్పడం రానివాళ్లు ఫిల్టర్‌ని తిట్టకూడదు.

తీరంగాలి:
ఖాళీ చోటు కావాలంటే, వైజాగ్ వాళ్లయితే ఆర్కే బీచ్ రోడ్డు. సముద్రం తూర్పున. పొద్దున సముద్రం వైపు తీస్తే ఎదురెండ, కారు నల్లటి ముద్ద అవుతుంది. సాయంత్రం తీయండి. బీచ్ ఇసుకలోకి మాత్రం దింపకండి.

రెండోగేరు:
తిప్పడం రాక కాదు. అసలు మాట చెప్తాను. తలుపు మీద ప్రతిబింబం పోతే సొట్ట కూడా పోతుంది. సొట్టని పట్టించేది ఆ మెరుపే. ఇలా నున్నగా చేసిన ఫొటోలు చూసి బయానా ఇచ్చి, కర్నూలు నుంచి హైదరాబాదు దాకా వచ్చి, తలుపు చూశాక వెనక్కి వెళ్లేవాళ్లున్నారు. దీన్ని మోసమే అంటారు.

లెన్సుమూత:
మోసం అన్న మాట వెనక్కి తీసుకోండి. నేను చెప్పింది గోడకి తగిలించుకునే ఫొటో సంగతి. అమ్మకం ఊసు ఇక్కడ ఎవరెత్తారు?

కొత్తచక్రం:
నేనే ముందు చెప్పాల్సింది. అమ్మడానికే.

లెన్సుమూత:
అయితే నా సలహా మారుతుంది. డాష్‌బోర్డు, అద్దం మీది స్టిక్కర్లు కనపడాలంటే సీపీఎల్ పనికొస్తుంది. తలుపులకి, ఫెండర్లకి (చక్రాల మీది రేకులకి) తీసేయండి. ఇక్కడ రెండోగేరు గారి మాటే సరైంది. మోసం అన్నది మాత్రం కాదు.

రెండోగేరు:
మీరు అమ్మకం గురించి చెప్పలేదు కాబట్టి మీ విషయంలో ఆ మాట తీసేస్తున్నా.
కొత్తచక్రం గారూ, సొట్ట చూపించడానికి ట్యూబ్‌లైటో, నిటారు గోడ అంచో తలుపు మీద ప్రతిబింబించేలా నిలబడండి. సొట్ట ఉన్నచోట ఆ గీత వంకరపోతుంది. పెయింటు మీద పడ్డ గీరుడు గీతలకైతే టార్చి పక్క నుంచి ఏటవాలుగా వేయండి, ఎదురుగా వేస్తే కనిపించవు. పక్కన రూపాయి బిళ్ల పట్టుకుంటే కొలత తెలుస్తుంది, కానీ పెయింటుకి తగలనివ్వకండి. ముందే నీళ్లతో దుమ్ము కడిగి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. పొడిగా తుడిస్తే కొత్త గీతలు పడతాయి.

పక్కసీటు:
ఓడోమీటర్ ఫొటో ఇంజన్ ఆన్ చేసి, నీడలో. షట్టర్ 1/60 కంటే వేగంగా ఉంటే కొన్ని డిజిటల్ మీటర్లలో అంకెలు సగమే పడతాయి.