ఒక చక్రాన్ని గాలిలో ఉంచితే తెలివి అవుతుందా, తొండి అవుతుందా?

వాలుబండి:
మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. కబ్ స్కౌట్స్‌లో, అంటే చిన్నపిల్లల స్కౌట్ సంఘంలో, వాడికిది రెండో పైన్‌వుడ్ డెర్బీ. ఇంట్లో చెక్కతో చేసిన, మోటారు లేని చిన్న కార్లను వాలు ట్రాక్ మీద వదిలే పోటీ అది. నిరుడు వాడి కారు వాలు దిగిందో లేదో పక్కకు లాగుతూ, ట్రాక్ మధ్యలోని పట్టీకి రాసుకుంటూ, అందరికంటే చివర వచ్చింది. ఈసారి 7 అంగుళాల చెక్కదిమ్మ మీద ఆకారం వాడు గీశాడు, రంపం నేను పట్టాను. రెండు వారాలుగా చదువుతుంటే ఒక కిటుకు పదేపదే కనిపిస్తోంది. ఎడమ ముందు చక్రానికి ఇరుసుగా ఉండే మేకును కాస్త ఎత్తులో బిగించి, ఆ చక్రం ట్రాక్‌ను తాకకుండా చేస్తారట. కారు మూడు చక్రాల మీదే పరుగెడుతుంది.

మా ప్యాక్ (మా ఊరి కబ్ స్కౌట్ల బృందం) ఇచ్చిన నియమాల కాగితంలో బరువు 5 ఔన్సులు మించరాదని, చక్రాల ఆకారం మార్చరాదని, బేరింగులూ వాషర్లూ పెట్టరాదని ఉంది. నాలుగు చక్రాలూ ట్రాక్‌ను తాకాలని ఎక్కడా లేదు. మావాడికి చెబితే "మరి నాలుగోది ఎందుకు నాన్నా, దిష్టి తగలకుండానా?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. మీరేమంటారు?

మేకులమేస్త్రి:
నిస్సందేహంగా లేపండి. మా పాప కారుకు మూడేళ్లుగా అలాగే చేస్తున్నాం. ఒక చక్రం తగ్గితే రాపిడిలో నాలుగో వంతు పోయినట్టే. పైగా రెండు ముందు చక్రాలూ తాకితే ఒకటి ఇటు, ఒకటి అటు లాగి కారు పాములా మెలికలు తిరుగుతుంది. ఒకటే తాకితే ఆ ఒక్కదాన్నే సరిచేసుకోవచ్చు. నియమాల్లో లేనిదాన్ని తొండి అని ఎందుకు అనుకోవాలో నాకు అర్థం కాదు.

తూకంరాయి:
మేస్త్రి గారూ, మీ ఫలితం నిజం, మీరు చెప్పిన కారణం మాత్రం కాదు. నలుగురు బోయీలు మోసే పల్లకీలో ఒకరు భుజం తప్పించుకుంటే పల్లకీ బరువు తగ్గదు, మిగిలిన ముగ్గురి మీద పడుతుంది. కారూ అంతే. 5 ఔన్సులనూ మూడు మేకులు మోస్తాయి, రాపిడి మొత్తం రమారమి అంతే ఉంటుంది.

లాభం వేరే చోట ఉంది. ఎత్తు నుంచి దిగేటప్పుడు దక్కిన శక్తిలోనే కారు ముందుకు పోవాలి, చక్రాలూ తిరగాలి. గాలిలో ఉన్న చక్రం తిరగదు కాబట్టి దాని వాటా కారు వేగానికి మిగులుతుంది. చక్రం బరువు రెండు మూడు గ్రాములు, కారంతా కలిపి 142 గ్రాములు. నా లెక్క ప్రకారం మిగిలేది నూటికి ఒక వంతు, కాస్త అటూ ఇటూ. చిన్నదే, కానీ గెలుపోటములు కారు ముక్కు పొడవులో తేలే పోటీ ఇది.

కొయ్యగుర్రం:
లెక్కలు బాగున్నాయి. ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఇందులో ఏ ముక్క అర్థమవుతుందో చెప్పండి.

ఈ పోటీ ఎలా పుట్టిందో గుర్తు చేసుకుందాం. 1953లో కాలిఫోర్నియాలోని మన్‌హాటన్ బీచ్‌లో డాన్ మర్ఫీ అనే కబ్‌మాస్టర్ (ప్యాక్ నాయకుడు) దీన్ని మొదలుపెట్టారు. పిల్లలే ఎక్కి నడిపే సోప్ బాక్స్ డెర్బీలో చేరడానికి ఆయన పదేళ్ల కొడుక్కి వయసు చాలలేదు. తండ్రీ కొడుకూ కలిసి చేసుకునే పని ఏదైనా ఉండాలని చిన్న చెక్క కారు ఆలోచన చేశారు. కలిసి చేసుకోవడం అన్నది అక్కడే ఉంది. నిరుడు తూకం వేసే బల్ల దగ్గర నేను చూసింది వేరు. ఒక పిల్లవాడు తన కారు పట్టుకోబోతే తండ్రి "ముట్టుకోకు, అలైన్‌మెంట్ పోతుంది" అని చెయ్యి పక్కకు తోశాడు. కారు గెలిచింది. కప్పు తీసుకుంటున్నప్పుడు ఆ పిల్లవాడి ముఖం మాత్రం పక్కింటివాళ్ల పెళ్లికి వచ్చినట్టు ఉంది.

చక్రం లేపడం తొండి అని నేను అనను. అది పెద్దల పోటీ అంటాను.

మేకులమేస్త్రి:
తూకంరాయి గారూ, ఒప్పుకున్నాను, పల్లకీ మాట మరచిపోలేను.

కొయ్యగుర్రం గారూ, మీరు చూసిన తండ్రి తప్పుకు చక్రాన్ని శిక్షిస్తున్నారు. మా పాప మొదటి ఏడాది చక్రాలు ఎక్కించడం తప్ప ఏమీ చేయలేదు. మూడో ఏడు వచ్చేసరికి నాలుగు అడుగుల పలకను ఒక పక్క కొద్దిగా ఎత్తి, కారు వదిలి, అది ఎడమకు ఎన్ని అంగుళాలు జరిగిందో తనే కొలుస్తోంది. చక్రం దిశ మారేలా కాస్త వంచిన మేకును వెంట్రుకవాసి తిప్పడం, మళ్లీ వదలడం. కుడి ముందు చక్రం లోపలి అంచు పట్టీకి మెల్లగా ఆనుకుని సాగితే వెనక చక్రాలు దానికి తగలవని తనే నాకు వివరిస్తుంది. ఎడమ చక్రం లేపకపోయి ఉంటే తనకు ఇది తెలిసేదా?

ట్రాక్‌పక్కన:
నేను మా ప్యాక్‌లో ఐదేళ్లుగా కార్లు పరీక్షించే బల్ల దగ్గర కూర్చుంటున్నాను. ప్రతి చక్రం కిందా ఒక కాగితం ముక్క జరిపి చూస్తాం. మా దగ్గర నాలుగూ తాకాలని రాసి ఉంది, మీ దగ్గర లేదు. చాలా చోట్ల ఉంటుంది, కొన్ని చోట్ల ఉండదు. వాలుబండి గారూ, నియమంలో లేదని మీరే తీర్మానించుకోకండి, మీ ప్యాక్ వాళ్లను ముందే అడగండి. పోటీ రోజు పిల్లవాడి ఎదుట కారును తిప్పి పంపడం కంటే కష్టమైన పని నాకు లేదు.

ఒక మాట చెప్పనివ్వండి. నా బల్ల దాటి వెళ్లి పోటీలో వెనకబడిన కార్లలో ఎక్కువ వాటి ఓటమికి ఆ నాలుగో చక్రంతో సంబంధమే లేదు. మేకు తలను కన్ను దగ్గరగా పెట్టి చూడండి. తల కింద, కాడ మొదలయ్యే చోట అచ్చు వదిలిన చిన్న గరుకు మొన ఉంటుంది. గోరు పెట్టి గీస్తే తగులుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ మొన ప్లాస్టిక్‌ను గీస్తుంది. మేకును డ్రిల్లులో బిగించి, తిరుగుతుండగా సన్నని ఆకురాయి ఆనిస్తే అది పోతుంది. తర్వాత 400 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 2000 దాకా, తడిపి రుద్దాలి. చివర లోహాలకు వాడే పాలిష్. మేకులో మీ కిటికీ ప్రతిబింబం కనిపించే దాకా ఆపకండి. డ్రిల్లు పెద్దవాళ్లు పట్టుకుంటే కాగితం పిల్లలు పట్టుకోవచ్చు. గ్రాఫైట్ పొడి ఆ తర్వాతే. పొడి వేసి చక్రాన్ని వేలితో ఒక యాభై సార్లు తిప్పాలి, మళ్లీ వేయాలి. నూనె వద్దు, దుమ్ము పట్టి బంకగా మారుతుంది.

తూకంరాయి:
ట్రాక్‌పక్కన గారి మాటకు నాది ఒక చేర్పు. ఇంత వాదించిన చక్రం ఇచ్చేది నూటికి ఒకటి అన్నాను కదా. బరువును ఒక అంగుళం వెనక్కి జరిపితే కూడా దాదాపు అంతే వస్తుంది, అందులో ఏ నియమమూ అడ్డురాదు.

కారు వాలు మీద నిలబడి ఉన్నప్పుడు వెనక భాగం పైన ఉంటుంది. వాలు 30 డిగ్రీలైతే, ఒక అంగుళం వెనక ఉన్న బరువు అర అంగుళం ఎత్తులో ఉన్నట్టు. ట్రాక్ ఎత్తు 4 అడుగులనుకోండి, అంటే 48 అంగుళాలు. అర అంగుళం అందులో నూటికి ఒకటి, వేగంలో అర. కింద కారు వేగం సెకనుకు 16 అడుగుల దరిదాపు. చదునులో ఇంకో రెండు సెకన్లు పరుగెత్తితే రెండు అంగుళాల ముందంజ. అయితే అత్యాశ వద్దు. బరువు వెనక ఇరుసు మీదికే నెట్టేస్తే ముందు భాగం తేలికై ఊగుతుంది, ఒక్కోసారి పట్టీ దాటి దూకేస్తుంది. ఇరుసుకు ముందు ఒక అంగుళం దగ్గర కారు వేలి మీద నిలిస్తే నాకు చాలు.

కొయ్యగుర్రం:
వేలి మీద నిలబెట్టడం పిల్లలు చేయగలరు. అది నాకు నచ్చింది. చక్రం విషయంలో నా అభిప్రాయం మారలేదు.

వాలుబండి:
అందరికీ ధన్యవాదాలు. ప్యాక్ వాళ్లకు ఈమెయిల్ రాశాను, జవాబు ఇంకా రాలేదు. అందుకే ఎడమ ముందు మేకుకు జిగురు పెట్టలేదు, పైకీ కిందికీ రెండు రంధ్రాలూ ఉన్నాయి.

నిన్న సాయంత్రం మావాడు మొదటి మేకు రుద్దాడు. నేను బాగుందన్నాను, వాడు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి "ఇంకా రాలేదు" అని వెనక్కి తెచ్చాడు. నాలుగు మేకులకూ రెండు గంటలు పట్టింది. ఆ నాలుగో మేకు నేలను తాకని చక్రానిది కావచ్చని గుర్తు చేస్తే, "తాకితే?" అన్నాడు. వేలి మీద కారును నిలబెట్టడం ఇవాళ్టి పని. అన్నట్టు, వాడు గ్రాఫైట్ పొడిని హాల్లోని తివాచీ మీద ఒలికించాడు. ఎవరికైనా ఉపాయం తెలుసా?

ట్రాక్‌పక్కన:
నీళ్లు తగలనివ్వకండి, రుద్దకండి, ఇంకా లోపలికి పోతుంది. ముందు వాక్యూమ్‌తో పీల్చండి.