కిడ్నీ పాడైన ముసలి ల్యాబ్రడార్ కుక్కకి కీళ్ల నొప్పి మందు ఏది?

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా ల్యాబ్‌కి 13 ఏళ్లు, బరువు 31 కిలోలు. వెనక కాళ్ల కీళ్లు అరిగిపోయాయి, పొద్దున్నే గచ్చు మీద లేవబోతే కాళ్లు చెరోపక్కకీ జారిపోయి, గోళ్లతో గీరుకుంటూ మూడోసారికి గానీ లేవలేదు. మెలాక్సికామ్ అనే నొప్పి మందు 8 రోజులు వేస్తే నడక బాగుపడింది గానీ వాంతులు మొదలయ్యాయి, రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది) ఎక్కువగా, 2.9 అని తేలితే డాక్టరుగారు ఆపించేశారు. ఇప్పుడు గాబాపెంటిన్ అనే ఇంకో నొప్పి మందు 100 ఎంజీ రోజుకి రెండుసార్లు, 12 రోజులైంది, మత్తుగా పడుకోవడం తప్ప తేడా లేదు. గోనెపట్టాలు పరిచాం, కొబ్బరినూనెతో మర్దనా కూడా అయింది (మా అమ్మ వైద్యం). తిండి సగానికి పడిపోయింది, నీళ్లు మాత్రం తెగ తాగుతోంది.

ఇలా కిడ్నీ దెబ్బతిన్న ముసలి కుక్కకి నొప్పి తగ్గడానికి మీ డాక్టరు ఏ మందు ఇచ్చారు, ఎన్నాళ్లకి తేడా కనిపించింది?