కాలేజీ పాస్ రషర్లని ఎట్లా జడ్జ్ చేస్తారు? శాక్స్ లెక్క నమ్మొచ్చా?

ఫ్రిస్కో_శీను:
మా ఆఫీసులో ప్రతి ఏప్రిల్ ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) మాక్ డ్రాఫ్ట్ పోటీ పెడతారు, అంటే ఏ టీమ్ ఏ కాలేజీ ఆటగాణ్ణి ఎన్నో పిక్‌లో తీసుకుంటుందో ముందే ఊహించాలి, క్వార్టర్‌బ్యాక్‌లూ రిసీవర్లూ అయితే ఏదో ఒకటి రాసేస్తా గానీ ఈ ఎడ్జ్ రషర్ల (లైన్ చివర నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్ళే డిఫెండర్లు) దగ్గరికొచ్చేసరికి బుర్ర పనిచేయట్లేదు. నేను చూసేది శాక్స్ ఒక్కటే, అంటే పాస్ వేసేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని ఎన్నిసార్లు పడగొట్టాడనే లెక్క. కానీ 2022లో చూడండి, మిషిగన్‌లో 14 శాక్స్ కొట్టిన హచిన్సన్ ఉండగా జాగ్వార్స్ వాళ్ళు జార్జియాలో 6 మాత్రమే కొట్టిన ట్రవాన్ వాకర్‌ని ఫస్ట్ పిక్‌గా తీసుకున్నారు. అసలు వీళ్ళు చూసేదేంటి? కంబైన్‌లో (డ్రాఫ్ట్ ముందు పెట్టే ఫిట్‌నెస్ టెస్టుల్లో) పరుగు పందెమా?

ట్రెంచ్_మామ:
శాక్ అంటే వికెట్ లాంటిది తమ్ముడూ, టెయిలెండర్ని లేపినా స్కోర్‌కార్డ్‌లో వికెట్టే. కాలేజీలో వీళ్ళని అడ్డుకోడానికి ఎదురుగా నిలబడే ట్యాకిల్స్‌లో చాలామంది ఎన్‌ఎఫ్‌ఎల్ మొహం కూడా చూడరు, పైగా క్వార్టర్‌బ్యాక్‌కి పాస్ వెయ్యడానికి ఎవడూ దొరక్క బంతి పట్టుకుని అక్కడే తచ్చాడితే వెనక కవర్ చేసినోళ్ళ కష్టం కూడా వీడి ఖాతాలోనే పడుతుంది.

ఒక పని చెయ్. ఏదైనా ఒక గేమ్ పెట్టుకుని థర్డ్ అండ్ లాంగ్ ప్లేలు (మూడో ప్రయత్నంలో ఇంకా చాలా గజాలు కావాల్సినవి, దాదాపు పాసే వేస్తారు) మాత్రం చూడు, బంతిని వదిలేసి వాడొక్కడి మీదే కన్నెయ్. స్నాప్ అవ్వగానే (బంతి ఆటలోకి రాగానే) పక్కనున్న లైన్‌మెన్ కంటే ముందు కదిలాడా? ట్యాకిల్ చేతులు చాపితే వాటిని కొట్టి పక్కకి నెట్టాడా, లేక ఛాతీ మీద పట్టించుకుని అక్కడే ఆగిపోయాడా? ఆ తర్వాత అసలుది, బెండ్. క్వార్టర్‌బ్యాక్ నిలబడ్డ లోతుకి వచ్చాక లోపలి భుజాన్ని ట్యాకిల్ చంక కిందకి దించి, ఒళ్ళంతా ఒక పక్కకి వాలినా వేగం తగ్గకుండా తిరగగలగాలి. అది రానోడు ఎంత స్పీడున్నా గుండ్రంగా పరిగెత్తి క్వార్టర్‌బ్యాక్ వెనక నుంచి అటు వెళ్ళిపోతాడు, అంతే. మొదటి మూవ్ ఆపేస్తే రెండోది ఉందా అనేది కూడా చూడు, ఒకప్పటి స్టార్ రషర్ డ్వైట్ ఫ్రీనీ స్పిన్ అంత పనిచేసిందంటే ముందు బయట స్పీడ్‌తో ట్యాకిల్‌ని భయపెట్టేవాడు కాబట్టే.

2024లో రామ్స్ 19వ పిక్‌లో తీసుకున్న జారెడ్ వర్స్ రూకీగా (మొదటి సీజన్లో) 4.5 శాక్సే కొట్టాడు, అయినా డిఫెన్సివ్ రూకీ ఆఫ్ ద ఇయర్ ఇచ్చారు, ఎందుకంటే వారం వారం క్వార్టర్‌బ్యాక్‌ని కుదురుగా నిలబడనివ్వలేదు.

నంబర్ల_నాని:
మామ చెప్పింది కరెక్టే గానీ టెస్టింగ్‌ని మరీ తీసిపారేయొద్దు. 40 గజాల పరుగు పక్కన పెట్టు, త్రీ కోన్ చూడు (మూడు కోన్ల చుట్టూ మలుపులు తిరుగుతూ పరిగెత్తే టెస్ట్, ఎన్ని తక్కువ సెకన్లైతే అంత మంచిది), మామ చెప్పిన ఆ వంపు కాస్తో కూస్తో బయటపడేది దాంట్లోనే. 2019లో రైడర్స్ నాలుగో పిక్‌లో క్లెమ్సన్ నుంచి క్లీలన్ ఫెరెల్‌ని తీసుకున్నారు, అదే డ్రాఫ్ట్‌లో 106వ పిక్‌లో ఈస్టర్న్ మిషిగన్ కుర్రాడు మ్యాక్స్ క్రాస్బీ. క్రాస్బీ త్రీ కోన్ 6.89. మొదటి సీజన్లో ఫెరెల్ 4.5 శాక్స్, క్రాస్బీ 10! టీజే వాట్‌ది 6.79, వాడు 30వ పిక్ దాకా జారాడు. ఇక డానియెల్ హంటర్, ఎల్‌ఎస్‌యూలో (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) ఆఖరి సీజన్లో ఒకటిన్నర శాక్ అంటే నవ్వొస్తుంది కదా, 2015లో మూడో రౌండ్లో పోయి 2018, 2019 రెండేళ్ళూ 14.5 చొప్పున కొట్టాడు.

ట్రెంచ్_మామ:
సరే, మరి వెర్నన్ గోల్‌స్టన్ సంగతేంటి నానీ? ఒహాయో స్టేట్‌లో 14 శాక్స్, కంబైన్‌లో బెంచ్ ప్రెస్ బరువు 37 సార్లు ఎత్తాడు, 2008లో జెట్స్ ఆరో పిక్‌లో తీసుకున్నారు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మొత్తం కెరీర్‌కి ఒక్క శాక్ లేదు. నీ నంబర్లూ ఉన్నాయి, శీను అడిగిన శాక్సూ ఉన్నాయి. ఇటు టెరెల్ సగ్స్‌ని చూడు, 2002లో 24 శాక్స్‌తో కాలేజీ రికార్డు, పరుగులో స్లో అని పదో పిక్ దాకా జారితే రేవెన్స్‌కి 16 సీజన్ల పాటు పండగ.

ఫ్రిస్కో_శీను:
ఇంతకీ వాకర్ సంగతి ఎవరూ చెప్పలేదు 😅

నంబర్ల_నాని:
వాకర్ 272 పౌండ్లతో 40 గజాలు 4.51లో పరిగెత్తాడు, చేతుల పొడవు 35న్నర అంగుళాలు, హచిన్సన్‌వి 32 పైచిలుకే. చెయ్యి పొడవుంటే ట్యాకిల్ కంటే ముందు వాడి ఛాతీ మీద చెయ్యి పడుతుంది, అదీ లెక్క. పైగా జార్జియాలో వాకర్‌ని చాలాసార్లు లోపల నిలబెట్టి రన్ ఆపే పని చేయించారు, కాబట్టి ఆ 6 చూసి భయపడక్కర్లేదనుకున్నారు. నేనైతే అప్పుడూ ఇప్పుడూ హచిన్సన్ వైపే, త్రీ కోన్ 6.73 మరి.

ట్రెంచ్_మామ:
అక్కడ మాత్రం నీతో ఏకీభవిస్తా. శీనూ, కార్నర్‌బ్యాక్‌లు టీవీ యాంగిల్లో ఫ్రేమ్ బయటికి పోతారు గానీ ఎడ్జ్ వాళ్ళు స్నాప్ నుంచీ కనిపిస్తూనే ఉంటారు, కాబట్టి మామూలు మ్యాచ్ రికార్డింగ్ చాలు. బలమైన టీమ్‌తో ఆడిన రెండు మూడు గేమ్‌లు పెట్టుకో, చిన్న టీముల మీద కొట్టినవి వదిలెయ్.