గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే మోడలింగ్ యాంప్‌లో సౌండ్ ముద్దగా వస్తోంది

తిరుపతిలో పెళ్లిళ్లకు, రిసెప్షన్లకు వాయిస్తాం. నా 22 వాట్ల ట్యూబ్ యాంప్‌లో రెండు 6వీ6 ట్యూబులు, బరువు దాదాపు 19 కిలోలు. కల్యాణ మండపాల మెట్లెక్కించలేక, అందులో సగం బరువుండే డిజిటల్ మోడలింగ్ యాంప్ (ట్యూబ్ యాంప్ సౌండ్‌ని సాఫ్ట్‌వేర్‌తో అనుకరించేది) కొన్నాను. క్లీన్ టోన్‌కి వంక పెట్టలేం. చిక్కంతా క్రంచ్ (కాస్త గరుకుగా పలికే టోన్) దగ్గరే.

ట్యూబ్ యాంప్‌లో గిటార్ వాల్యూమ్ 10 నుంచి 5కి దించితే గరుకుదనం పోయి, నోట్ నిండుగా, శుభ్రంగా పలుకుతుంది. ఈ కొత్త యాంప్‌లో అదే పని చేస్తే ట్రెబుల్ చచ్చిపోయి, గిటార్ మీద దుప్పటి కప్పినట్టు ఉంటుంది. మెలొడీ పాటల్లో తీగలు ఒక్కొక్కటిగా మీటుతుంటే కీబోర్డ్ కింద నేను వినబడనే వినబడను.

గెయిన్ 7 నుంచి 4కి తగ్గించాను. నాయిస్ గేట్ (వాయించనప్పుడు వచ్చే రొదని కత్తిరించేది) ఆపేశాను. శాగ్ (గట్టిగా మీటినప్పుడు ట్యూబ్ యాంప్ పవర్ కాస్త కుంగడాన్ని అనుకరించే సెట్టింగ్) పెంచి చూశాను. వైర్‌లెస్ తీసేసి పొట్టి కేబుల్ పెట్టాను. గిటార్‌లో ట్రెబుల్ బ్లీడ్ కెపాసిటర్ (వాల్యూమ్ తగ్గించినా ట్రెబుల్ పోకుండా చూసేది) కూడా వేయించాను. దాంతో ముద్దతనం కాస్త తగ్గింది గానీ నోట్ మరీ సన్నబడింది. అదే గిటార్, అదే కేబుల్ ట్యూబ్ యాంప్‌కి పెడితే మాత్రం ఏ గొడవా లేదు. గిటార్‌వి హంబకర్ (రెండు కాయిల్స్ ఉండే) పికప్‌లు, స్టేజీ మీద మోడలింగ్ యాంప్ మాస్టర్ వాల్యూమ్ 3 దాటదు.

మోడలింగ్ యాంప్‌తో స్టేజీ ఎక్కేవాళ్లు చెప్పండి: గిటార్ వాల్యూమ్ 5కి దించినా నోట్ నిండుగా ఉండాలంటే యాంప్‌లో ఏ సెట్టింగ్ మార్చాలి?