గార్నెట్–ఓంఫసైట్ ఖనిజాల జంటకు రెండు వేర్వేరు ఉష్ణోగ్రతలు వస్తున్నాయి, ఏది నమ్మాలి?

పూగా లోయ: లడఖ్‌లోని త్సో మొరారి ఎక్లోజైట్ (ఎక్కువ ఒత్తిడిలో ఏర్పడే, గార్నెట్, ఓంఫసైట్‌లున్న రాయి) మీద పనిచేస్తున్నాను. ఈ రెండు ఖనిజాల కూర్పు నుంచి రాయి ఏర్పడిన ఉష్ణోగ్రతను చెప్పే ఎల్లిస్, గ్రీన్‌ల 1979 సమీకరణంతో లెక్క కడితే ఒకసారి 806 డిగ్రీల సెల్సియస్, ఇంకోసారి 610 వస్తోంది. రాయి ఒకటే, సమీకరణం ఒకటే. మధ్యాహ్నం నుంచి ఎక్సెల్ పట్టికను మొదటి నుంచి సరిచూస్తూనే ఉన్నాను, తప్పు దొరకడం లేదు. తెలిసినవారు దయచేసి చెప్పండి.

మైక్రోప్రోబ్: ఒత్తిడి ఎంత? ఫెర్రిక్ (మూడు ఆవేశాల) ఇనుమును ఫెర్రస్ (రెండు ఆవేశాల) ఇనుము నుంచి వేరు చేశారా?

శిలానామం: ముందు అది ఎక్లోజైట్ అవునో కాదో తేల్చుకోండి. ప్లేజియోక్లేజ్ (ఒక ఫెల్డ్‌స్పార్ ఖనిజం) ఉన్న రాయికి ఆ పేరు చెల్లదు. 600 డిగ్రీల దగ్గర సుమారు 16 కిలోబార్లు దాటితే ఆల్బైట్ (సోడియం ప్లేజియోక్లేజ్) నిలవలేక జేడైట్, క్వార్ట్జ్‌లుగా విడిపోతుంది. ఆ జేడైట్ ఓంఫసైట్‌లో కలుస్తుంది. కాబట్టి ప్లేజియోక్లేజ్ లేకపోవడమే ఈ రాతికి అసలు గుర్తు. ఈ విషయం పట్టించుకోకుండా ప్లేజియోక్లేజ్ ఉండే గార్నెట్ గ్రాన్యులైట్లను కూడా చాలామంది ఎక్లోజైట్లని రాసేస్తున్నారు.

పూగా లోయ: ప్లేజియోక్లేజ్ ఉందండీ, కానీ ఓంఫసైట్ అంచుల్లో మాత్రమే, డయాప్సైడ్ అనే ఖనిజంతో పెనవేసుకుని వేలిముద్ర గీతల్లా కనిపిస్తోంది. ఒత్తిడి 25 కిలోబార్లు. 806 వచ్చింది ఇనుమంతా ఫెర్రస్ అనుకున్నప్పుడు. 610 వచ్చింది ఆవేశ తుల్యతతో (ధన, రుణ ఆవేశాలు సరిపోయేలా లెక్కించి) ఫెర్రిక్ వేరు చేసినప్పుడు. ఓంఫసైట్‌లో 6 ఆక్సిజన్లకు కాటయాన్ల (ధన అయాన్ల) మొత్తం 4.03, అందులో ఇనుము 0.16.

రాతిపొర: ఆ గీతలు రాయి పైకి లేస్తూ ఒత్తిడి తగ్గినప్పుడు ఓంఫసైట్ చెదిరి ఏర్పడినవి. త్సో మొరారి గార్నెట్లలో కోసైట్ (చాలా ఎక్కువ ఒత్తిడిలో ఏర్పడే క్వార్ట్జ్ రూపం) కూడా దొరికింది కనుక ఎక్లోజైట్ అనడానికి అభ్యంతరం ఉండనక్కరలేదు.

శిలానామం: ఇప్పుడున్న ఖనిజాలను బట్టి పేరు పెట్టాలి గాని, ఒకప్పటివాటిని బట్టి కాదు.

రాతిపొర: పేరు సంగతి అలా ఉంచి అంకెలు చూద్దాం. మొత్తం 4కి బదులు 4.03 అంటే దాదాపు 0.09 ఫెర్రిక్, మిగిలిన 0.07 మాత్రమే ఫెర్రస్. ఈ థర్మోమీటర్ (అంటే మీ సమీకరణం) గార్నెట్, ఓంఫసైట్‌ల మధ్య ఫెర్రస్ ఇనుము, మెగ్నీషియం పంపకాన్నే కొలుస్తుంది కాబట్టి ఫెర్రిక్‌ను కూడా అందులో కలిపేస్తే ఉష్ణోగ్రత ఉన్నదానికన్నా బాగా ఎక్కువగా వస్తుంది. అందువల్ల 806ను వదిలేయండి. అయితే 610ని కూడా గుడ్డిగా నమ్మవద్దు. కూర్పును కొలిచే మైక్రోప్రోబ్ పరికరంలో ఎలక్ట్రాన్ పుంజం ఒకే చోట సన్నగా పడితే సోడియం తప్పించుకుంటుంది. ఓంఫసైట్‌లో సోడియం 5 శాతం తక్కువగా కొలిచినా 4.03 కాస్తా 4.01కి పడిపోయి, ఫెర్రిక్ సగానికి పైగా మాయమై, మీ ఉష్ణోగ్రత వంద డిగ్రీలకు పైగా పెరుగుతుంది. దాని ముందు ఒత్తిడి ప్రభావం చాలా తక్కువ: 5 కిలోబార్లు మారినా తేడా పదిహేను డిగ్రీలకు మించదు.

మైక్రోప్రోబ్: పుంజాన్ని వెడల్పు చేసి, సోడియాన్ని ముందుగా కొలవండి. గార్నెట్ నడుమదా, అంచుదా?

పూగా లోయ: అన్ని బిందువుల సగటు తీసుకున్నాను.

మైక్రోప్రోబ్: సగటు పనికిరాదు. నడుమ భాగం ముందే పెరిగింది, అందులో మెగ్నీషియం తక్కువ. ఓంఫసైట్‌ను తాకుతున్న అంచు బిందువులే తీసుకోండి, అది కూడా ఆ గీతలు లేని చోట.

శిలానామం: అంచు ఓంఫసైట్ చెదిరిపోయిందని మీరే అన్నారు కదా, మరి ఏ జంట సమతుల్యంలో ఉన్నట్టు?

పూగా లోయ: గార్నెట్ లోపల చిక్కుకున్న చెదరని ఓంఫసైట్ రేణువులు కొన్ని ఉన్నాయి, వాటిని చూస్తాను. ప్రోబ్ మీద సమయం దొరకగానే మళ్లీ కొలుస్తాను. ధన్యవాదాలండీ.