వంద శాతం హాజరు బహుమతి ఉండాలా, తీసేయాలా?

ఇద్దరు పిల్లల అమ్మ:
మా పిల్లల బడిలో ఏడాదంతా ఒక్క రోజూ మానని వాళ్ళకి వార్షికోత్సవంలో బహుమతి ఇస్తారు. దాన్ని తీసేయమని ఈసారి తల్లిదండ్రుల సమావేశంలో అడగాలనుకుంటున్నాను. జ్వరం రాకపోవడం పిల్లల గొప్పతనం కాదు, వస్తే వాళ్ళ తప్పూ కాదు. మా చిన్నది ఒళ్ళు కాలిపోతున్నా "మానితే బహుమతి పోతుందమ్మా" అని ఏడ్చింది. అలా పట్టుబట్టి వెళ్ళే పిల్లల వల్లే క్లాసంతా ఒకరి తర్వాత ఒకరు పడుతున్నారు. మీరేమంటారు?

క్లాస్ టీచర్:
నేను ఒప్పుకోనండీ. చదువులో వెనకబడిపోతున్న నా పిల్లల్లో చాలామంది తరచూ మానేవాళ్ళే. హాజరుకి విలువ లేదనిపిస్తే సోమవారం కడుపునొప్పులు మొదలవుతాయి. అయినా చిన్నపిల్లలకి ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలు విషయం. తగ్గాక కూడా దగ్గు రెండు మూడు వారాలు లాగుతుంది. ముక్కు కారినప్పుడల్లా ఇంట్లో ఉంచితే ఇక పాఠం ఎప్పుడు చెప్పను?

పిల్లల వార్డు నర్సు:
టీచర్ గారూ, జలుబుకి మానక్కర్లేదు, నిజమే. పిల్లాడు హుషారుగా ఉండి, జ్వరం లేకపోతే పంపొచ్చు. తలలో పేలు కనబడ్డాయని మధ్యలో ఇంటికి పంపాల్సిన పని కూడా లేదు. కానీ జ్వరం సంగతి వేరు. మందు వేయకుండా 24 గంటలు జ్వరం రాకుండా ఉంటేనే బడికి పంపాలి. పొద్దున పారాసిటమాల్ వేస్తే ఒళ్ళు చల్లబడుతుంది గానీ వైరస్ ఎక్కడికీ పోదు, పక్కవాళ్ళకి అంటుకుంటూనే ఉంటుంది. వాంతులు, విరేచనాలు ఆగాక 48 గంటలు ఆగాలి. అమ్మవారు పోస్తే పొక్కులన్నీ ఎండి పక్కు కట్టేదాకా, అంటే కనీసం ఐదు రోజులు ఇంట్లోనే ఉంచాలి.

అమ్మగారూ, మీతో కూడా ఒక మాట. ఫ్లూ లక్షణాలు బయటపడటానికి ఒక రోజు ముందు నుంచే అంటుకోవడం మొదలవుతుంది. అంచేత జబ్బు పిల్లల్ని ఇంట్లో ఆపినంత మాత్రాన బడిలో జబ్బులు ఆగవు. కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వాలి, టీకాలు వేయించాలి, సబ్బుతో 20 సెకన్లు చేతులు కడిగించాలి. ఇప్పుడు చాలా బళ్ళలో శానిటైజర్ సీసా పెట్టి అంతటితో సరిపెడుతున్నారు. వాంతులు తెప్పించే నోరోవైరస్ దానికి సరిగా లొంగదు, సబ్బూ నీళ్ళే కావాలి.

ఇంత చెప్పినా బహుమతి మాత్రం పోవాలనే అంటాను. కీమోథెరపీ మధ్యలో ఓపిక ఉన్న రోజుల్లో బడికి వెళ్ళే పిల్లల్ని నేను చూస్తుంటాను. పక్క పిల్లాడి అమ్మవారు వాళ్ళ ప్రాణం మీదికి రావచ్చు. ఆ బహుమతి వాళ్ళకి ఎన్నటికీ రాదు. చప్పట్లు కొట్టే వరసలో మాత్రం కూర్చోవాలి.

ఉద్యోగం చేసే నాన్న:
బహుమతి కోసం పంపేవాళ్ళు ఎంతమందండీ? నాలాంటి వాళ్ళకి సెలవు దొరక్క పంపుతాం. ఇంట్లో చూసుకునేవాళ్ళు ఉండరు. మానిన రోజు జీతం కోస్తారు. పొద్దున ఎనిమిదింటికి ఒళ్ళు వెచ్చగా ఉందని తెలిస్తే వచ్చే టెన్షన్ అందరికీ అర్థం కాదు. 48 గంటలంటే రెండు రోజుల జీతం. బహుమతి తీసేసినా మా ఇంట్లో ఏమీ మారదు.

ఇద్దరు పిల్లల అమ్మ:
మీ ఇబ్బంది నిజమైనదే, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ సెలవు దొరికే ఇళ్ళలో కూడా పిల్లలు బహుమతి కోసం వెళ్తామంటున్నారు కదా. కనీసం ఆ కారణమైనా పోనివ్వండి. లేదంటే బహుమతి ఉంచి, జ్వరంతో మానిన రోజుల్ని లెక్కలోంచి తీసేస్తే?

క్లాస్ టీచర్:
అది మాత్రం వద్దు. ఏది జ్వరమో, ఏది సాకో తేల్చే పని నా నెత్తిన పడుతుంది. పిల్లలు సర్టిఫికెట్ల కోసం డాక్టర్ల చుట్టూ తిరుగుతారు. అంతకంటే బహుమతి పూర్తిగా ఎత్తేయడమే నయం. దాని బదులు ఎవరైనా వరసగా మానితే ఇంటికి ఫోన్ చేసి కారణం కనుక్కుంటాం, పోయిన పాఠాలు పంపుతాం. మానే అలవాటున్న పిల్లలు బహుమతి చూసి రారని నాకూ తెలుసు. ఫోన్ చేస్తే కొందరు వస్తారు.

పిల్లల వార్డు నర్సు:
అమ్మగారూ, సమావేశంలో ఇంకోటి కూడా అడగండి. కుళాయిల దగ్గర రోజూ సబ్బు ఉంటోందా, అన్నానికి ముందు క్లాసంతా చేతులు కడుక్కునేంత టైమ్ ఇస్తున్నారా అని.